డీజిల్ మోత

“మారుతి కారట, మారుతి! సబ్బుపెట్టెకు నాలుగు గీరెలు పెట్టినట్టు లేదా తమ్మీ?” అన్నాడు ఎల్లస్వామి, తన అంబాసిడర్‌ను హన్మకొండ దాటిస్తూ.

“అవునన్నా. కారంటే జర నిండుగ ఉండాలె” అని ఊ కొట్టాడు పక్క సీట్లోని బాలకిషన్. ఊ కొట్టక ఏం చేస్తాడు? వెనక సీట్లో తల్లి పోశవ్వ ఒడిలో తల పెట్టుకుని, గొంతుదాకా దుప్పటి కప్పుకుని ఉన్న తండ్రి రాజలింగు, పొద్దున్నే దవాఖానలో కన్నుమూశాడు. ఆ సంగతి ఈ డ్రైవర్‌కు తెలియకూడదు.

నిజం చెప్పి చూశాడు పాపం. దవాఖాన ముందర ఇద్దరు టాక్సీవాళ్లను బతిమాలాడు. పీనుగ ఎక్కిన బండిని మళ్లీ ఎవరు ఎక్కుతారని ఒకడు కసిరాడు. రెండోవాడు మాట పూర్తి కాకముందే బండి తిప్పుకుని పోయాడు. దాంతో మూడోవాడికి అబద్ధం చెప్పాడు.

“జరం తగ్గింది, నిద్రసూది ఇచ్చిండ్రు. ములుగు అవతల మా ఊరు.”

ఎల్లస్వామి దుప్పటి వైపు ఓసారి చూసి తలుపు తీశాడు.

ఎక్కేముందు బాలకిషన్ తల్లి చెవిలో, “ఇల్లు చేరేదాక ఏడ్వకే అవ్వా. ఎర్కైతే అడివిల దించి పోతడు” అని ఒట్టు వేయించుకున్నాడు. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి ఒడిలో చల్లబడుతుంటే నోరు మూసుకుని కూర్చోవాలి! పగవాళ్లకు కూడా రాకూడదు అలాంటి కష్టం.

“ఏం పని చేస్తవు తమ్మీ?”

“సుబేదారిల మెకానిక్‌ను.”

“అరె! అట్లయితే చెప్పు. ఇది డీజిల్‌ది, పోయినేడే కొన్న. ఎట్లున్నది?”

బాలకిషన్‌కు కార్ల విషయంలో అబద్ధమాడటం చేతకాదు. “తప్పు పట్టకన్నా. ఇది కారు గాదు, పిండిగిర్ని. మా బాపు పరకాలల సేటు కాడ ల్యాండ్‌మాస్టర్ నడిపిండు. పెట్రోల్‌ది. ఇంజన్ నడుస్తాందా లేదా అని బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలె. లోపల పండుకున్నోడు లేవకుంట పోతేనే అది కారు అంటడు బాపు...”

ఆ మాట అన్నాక కిటికీ వైపు తిరిగి దగ్గాడు.

“చప్పుడు లేని బండి బండేనా? పక్కకొచ్చేదాక ఎవనికీ ఎర్కగాదు. డీజిలంటే మూడూళ్లకు ఇనపడాలె!” ఎల్లస్వామి నవ్వాడు. ఆయన తలపైన, వెనక సీటు చూసుకునే అద్దం కారు కప్పు వైపు తిరిగి ఉంది. సరిచేసుకోమని చెప్పబోయి బాలకిషన్ నాలుక కరుచుకున్నాడు. ఏ దేవుడు తిప్పాడో, అట్లాగే ఉండనీ.

ఆత్మకూరులో చాయ్ హోటల్ కనబడింది. ఆపితే ఇతను దిగుతాడు, వెనక్కి చూస్తాడు. కానీ ఎల్లస్వామి ఫియట్ గొప్పదా, అంబాసిడర్ గొప్పదా అనే వాదనలో పడి హోటల్ దాటించేశాడు. ఇంత వాగుడుకాయ దొరకడం కూడా ఒక అదృష్టమే అనుకున్నాడు బాలకిషన్.

మల్లంపల్లి దాటాక అడవి మొదలైంది. ఒక గుంతలో బండి ఎగిరిపడింది. దుప్పటిలోంచి రాజలింగు చెయ్యి జారి వేలాడింది. పోశవ్వ దాన్ని తీసి చెంపకు ఆనించుకుంది. ఆమె గొంతులోంచి చిన్న మూలుగు వచ్చింది.

బాలకిషన్ చప్పున ఎల్లస్వామి వైపు తిరిగాడు. “హెరాల్డ్ కారు చూసినవా అన్నా! ఎనుక దిక్కు రెక్కలు, ఏం అందమన్నా!” అని అరిచినట్టే మాట్లాడాడు.

“చూసిన, చూసిన!” అంటూ ఎల్లస్వామి గేర్ సెకండ్‌కు దించి, ఆక్సిలేటర్ మీద కాలు నొక్కిపట్టాడు. ఇంజన్ ఒర్లింది. తలుపులు గడగడలాడాయి. వెనక నల్లటి పొగ లేచింది. ఆ మోతలో బాలకిషన్ తల తిప్పి చూస్తే, అవ్వ మొగుడి నుదుటి మీద ముఖం పెట్టి, నోరంతా తెరిచి ఏడుస్తోంది. ఆ ఏడుపు ముందు సీటుకు ఇసుమంత కూడా రాలేదు.

“సెకండ్ల గింత రేజా? ఇంజన్ ఖరాబైతదన్నా!”

“మసి పట్టింది తమ్మీ! ఎల్లగొట్టాలె!”

మూడు మైళ్లు అట్లాగే తోలాడు. ఇంకో రోజైతే బాలకిషన్ తాళంచెవి గుంజుకునేవాడే. ఇంజన్‌ను ఇట్లా చంపేవాడిని డ్రైవర్ అంటారా? మూర్ఖుడు! అయినా ఆ మూర్ఖత్వానికే ఇవాళ దండం పెట్టాలనిపించింది. చప్పుడు లేని బండి కోసం బతికిన బాపుకు ఆఖరి ప్రయాణం ఈ గిర్నిలో రాసిపెట్టి ఉందే అనుకున్నాడు.

పొద్దు వాలకముందే ఇల్లు చేరారు. ఇంజన్ ఆగింది. అంతదాకా బిగబట్టుకున్న పోశవ్వ గొల్లుమంది. వాడకట్టు వాళ్లు పరుగెత్తుకొచ్చారు.

బాలకిషన్ దిగి ఎల్లస్వామి రెండు చేతులూ పట్టుకున్నాడు. “అన్నా, అబద్ధమాడిన. బాపు పొద్దుగాల్నే పోయిండు. ఎన్ని తిట్లు తిడతవో తిట్టు. నాకోసం ఇంత దూరమొచ్చి ఇంజన్ గూడ పాడుచేసుకుంటివి. దినాలు కాంగనే సుబేదారికి తీసుకరా, నేనే ఇప్పి బాగుచేస్త. కాని ఇంకెప్పుడు సెకండ్ల గంతసేపు తోలకన్నా, నీకు దండం పెడ్త.”

ఎల్లస్వామి తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

“మోత లేకుంటె అవ్వ ఎట్ల ఏడుస్తది తమ్మీ?”