ఆఖరి తిత్తి

చంకలో కుమిస్, అంటే పులిసిన గుర్రప్పాల తిత్తి పెట్టుకుని బెయ్‌షెన్ ముసలాయన గుడారం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రండి, పెదనాన్నా," అంది జిపార్.

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు బిడ్డా?"

మూడు వేసవులుగా ఆ కొండ పచ్చికల్లో అందరినీ నవ్వించింది ఆయనే, ఆమెను చూపించి. బిష్కెక్‌లో చదువుకున్న పిల్ల మోకాలి లోతు ఏట్లో వంగి, రాళ్లకు అంటుకున్న, గుర్రాల నెత్తురు తాగే నల్ల ఈగల పురుగులు ఏరుతుంటే నవ్వు రాదా? ఒక్క కణమే ఒళ్లంతా అయిన జీవులట. కంటికి ఆనవట. పురుగు పొట్టలో చేరి, దాన్ని పాలలా తెల్లగా ఉబ్బించి, రెక్కలు రాకముందే చంపుతాయట. ఆ జబ్బు పట్టిన పురుగుల్ని పక్క లోయ నుంచి తెచ్చి ఈ ఏట్లో వదిలింది.

"పురుగుల డాక్టరమ్మా! ఇవాళ ఎవరికి కడుపుబ్బింది?" అని గుర్రం మీంచే అరిచేవాడు.

ఈ వేసవితో ఆమెకు పైవాళ్లిచ్చిన గడువు ఆఖరు. సరిగ్గా ఈ వేసవిలోనే ఈగలు పోయాయి. గుర్రాల చెవులు నెత్తురు కారడం ఆగింది.

"నువ్వే గెలిచావు తల్లీ. నేనే నోరు పారేసుకున్నా. క్షమించానను."

జిపార్ తల ఎత్తలేదు. పెద్దవాళ్ల ముందు బిడియం కాబోలనుకున్నాడాయన. గిన్నెలో కుమిస్ పోసి అందించాడు.

"తాగు. ఇదే ఆఖరి తిత్తి. ఉన్న ఒక్క పాడిగుర్రానికీ పిల్ల పోయింది. పిల్ల లేందే తల్లి పాలు చేపదు కదా."

"ఏమైంది?"

"నోట నురగలు కక్కి పడిపోయింది. పాము ముట్టిందేమో."

"ఎక్కడ, పెదనాన్నా?"

"ఏటి ఒడ్డునే."

ఎత్తిన గిన్నె ఆమె చేతిలోనే ఆగింది. పెదవి దాకా వెళ్లలేదు.

"తాగవా? అంటే నా మీద కోపం ఇంకా పోలేదన్నమాట," అన్నాడు ముసలాయన. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఈగల్ని చంపింది తను తెచ్చిన జబ్బు కాదని, అది ఒక్క పురుక్కీ అంటలేదని, గడువు తరుముతుంటే తనే ఎగువ మలుపులో పశువుల ఒంటి పిడుదుల్ని చంపే విషపు మందు డబ్బాడు ఏట్లో ఒంపానని చెప్పడానికి జిపార్‌కు నోరు పెగల్లేదు.