మూడో ఫ్యూజు

పల్లవి దాటి చరణంలో గొంతు పైకెత్తగానే మైకు మూగబోయింది. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. పెద్దాయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

అయిదింటికి పాటల సంఘం వాళ్లు ఇంటికే వచ్చి వింటామన్నారు. నచ్చితే ఆదివారం వేదిక ఎక్కిస్తారు, లేకపోతే లేదు. చూస్తే వీధంతా కరెంటు లేదు, రాత్రి దాకా రాదట. ఉన్న ఆధారమల్లా మొన్న ఆయన ఊళ్లో లేనప్పుడు భార్య దగ్గరుండి పెట్టించిన లిథియం బ్యాటరీలే. పెద్దాయనకి ఏడుపొక్కటే తక్కువ.

మళ్లీ ఫోను చేయగానే ఎలక్ట్రీషియన్ సంచీ తగిలించుకుని వచ్చాడు. బ్యాటరీల గదిలోకి దూరి, కాలిపోయిన ఫ్యూజు పీకి, అచ్చం అలాంటిదే ఇంకోటి పెట్టి వచ్చాడు.

"ఈసారి పెద్దది వెయ్యవయ్యా," అన్నాడు పెద్దాయన.

"కుదరదు సార్. లిథియం బ్యాటరీతో ఆటలొద్దు. షార్టయిందంటే ఉన్న బలమంతా ఒక్కసారే కక్కేస్తుంది. అందుకే బ్యాటరీకి జానెడు దూరంలోనే మొదటి ఫ్యూజు పెట్టాను. ఏ ఫ్యూజైనా అది కాపాడేదాన్ని బట్టే ఉండాలి."

అది అతని పద్ధతి. ఏ ఇంటికెళ్లినా ఒక్కో ఫ్యూజు చూపించి "ఇది దేన్ని కాపాడాలి?" అని అడుగుతాడు. వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు చీటీ మీద రాసి దాని కింద అంటిస్తాడు. రేపు ఇంకొకడెవడైనా వచ్చి పెట్టె తెరిస్తే తికమకపడకూడదని అతని తాపత్రయం.

"మరి ఫ్రిజ్జూ ఫ్యాన్లూ నిక్షేపంలా నడుస్తున్నాయి కదా. నా మైకుకే వచ్చిందా ఈ రోగం?"

వంటింట్లో గిన్నెల చప్పుడు టక్కున ఆగింది. ఎలక్ట్రీషియన్ అటోసారి చూసి, మెల్లగా పాడితే పోదనీ, గొంతెత్తితేనే పోతుందనీ నసిగాడు.

"తీగ సన్నదైతే లావుది లాగు."

"తీగ లావుదే సార్," అనేసి నాలిక్కరుచుకున్నాడు. ఇంకో ఇంట్లో పనుందని గుర్తొచ్చి, నీళ్లు కూడా తాగకుండా జారుకున్నాడు.

తీగ లావుదైతే ఫ్యూజు చిన్నదెందుకు? పెద్దాయన బుర్ర గోక్కున్నాడు. కళ్లజోడు వెతుక్కుంటూ మెట్ల కిందున్న బ్యాటరీల గదివైపు నడిచాడు.

భార్య చేతులు తుడుచుకుంటూ హడావిడిగా వచ్చింది. "ఏమండీ, అక్కడ దుమ్ము. గొంతు పాడవుతుంది. ఆ వచ్చేవాళ్లకి నాలుగు ముక్కలు మెల్లగా పాడి పంపెయ్యండి, చాలు."

తన గొంతు గురించి ఆవిడ ఇంతలా ఆలోచించడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. ఆయనకి మనసు నిండిపోయింది. పిచ్చిది, నా పాటంటే ఎంత ప్రాణమో అనుకుని, కళ్లజోడు సర్దుకుని పెట్టె మూత తీశాడు.

లోపల వరుసగా మూడు ఫ్యూజులున్నాయి. మొదటిదాని కింద "కాపాడేది: మెయిన్ తీగ" అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. రెండోదాని కింద "కాపాడేది: ఫ్రిజ్జు, ఫ్యాన్ల తీగ" అని ఉంది.

మూడోది మైకుది. దాని కింద అవే గుండ్రటి అక్షరాలు: "కాపాడేది: అమ్మగారి చెవులు."