బిగుతు మూత

ఆగస్టు తొమ్మిది. దుప్పట్లు ఉతికాను, ఫ్యాన్లు తుడిచాను, పక్కింటి అక్క డబ్బా తోమాను.

ల్యాబు మూతపడ్డాక మావారు ఇంటికి తెచ్చుకున్నది ఒకే గాజుముక్క. దానిమీద వెంట్రుకలో వందో వంతు మందాన, కాటుకలాంటి నానో పూత. అది నెలాఖరుదాకా రంగు మారకపోతే, ఆయన కొత్తరకం సోలార్ సెల్ కోసం ల్యాబు మళ్ళీ తెరుస్తామన్నారు కంపెనీవాళ్ళు. తేమ తగిలితే చెడిపోతుందని అక్క దగ్గర గాలి చొరబడని డబ్బా అడిగి తెచ్చి, అందులో పెట్టాను.

ఈ ఉదయం చూస్తే పూత పసుపుపచ్చగా ఉంది.

"తేమ ఎలా దూరిందబ్బా?" అన్నారాయన.

"నావల్లేనండీ. తెరవొద్దని మీరు చెప్పినా, నల్లగానే ఉందా అని రోజూ మూత తీసి చూశాను."

ఆయన గాజుముక్కను వెలుతురుకు పట్టి చూశారు. తర్వాత నవ్వారు.

"ఓసి పిచ్చిదానా! పొయ్యిమీద పాలనుకున్నావా? పోనీలే, నేనూ రోజూ తీసి చూశాను. పాపం చెరిసగం."

ఆ మూత మహా బిగుతు. తెచ్చిన రోజు లాగి లాగి, చెయ్యి నొప్పెట్టి, నన్నే తీయమన్నారు. ఆయనకు అది ఒక్కసారి కూడా రాలేదు.

సాయంత్రం డబ్బా అక్కకు ఇచ్చేశాను. ఆ ఒక్క బాకీ తీరింది.