బోణీ కాకముందు వచ్చినవాడు

పొద్దున్నే షట్టరు లేపీ లేపకముందే ఒక కొత్త మనిషి దుకాణం మెట్లెక్కాడు.

"సార్, హరితవల్లి షేర్లకు ఈ బజార్ల అందరికంటె ఎక్కువ పెడుతున్నది మీరేనట గద."

చేవెళ్లలో విత్తనాల దుకాణం పరమేశ్వర్‌ది. బోణీ కాకముందు ఉత్త చేతులతో వచ్చినవాణ్ని చూస్తే ఆయనకు ఒళ్లు మండుతుంది. అందులోనూ ఆ రోజు.

గల్లాపెట్టె పక్కన దేవుడి పటం ముందు ఐదు ఫోన్లు పేర్చి ఉన్నాయి. ఒక్కోదానికి కుంకుమబొట్టు. తను, భార్య, తమ్ముడు, మరదలు, కూతురు. ఐదు పేర్ల మీద ఐదు అప్లికేషన్లు, ఒక్కోటి రెండున్నర లక్షలు.

హరితవల్లి కోల్డ్ స్టోరేజీ కంపెనీ మొదటిసారి షేర్లు అమ్ముతోంది. ఆ రోజే ఆఖరు. బోణీ కాగానే ఓకే నొక్కాలి.

పెట్టేవి వానాకాలం విత్తనాల సరుకుకు దాచిన పైసలే. అయినా పరమేశ్వర్‌కు బెంగ లేదు. అడిగేవాళ్లు ఎక్కువైతే షేర్లు ఇచ్చేది ఎట్లాగూ లాటరీ తీసే. ఐదు పేర్లలో ఒక్కదానికి తగిలితే గొప్ప, మిగతా పైసలు వాపసు వస్తాయి.

"పెట్టకున్రి సార్," అన్నాడు కొత్తమనిషి. "సురంగల్ దగ్గర వాళ్ల కోల్డ్ స్టోరేజీ పోయి చూసొచ్చిన. లోపలికి కరెంటు తీగ కూడ లేదు."

పరమేశ్వర్ నవ్వాడు. "మొయినాబాద్ పోయినప్పుడల్లా నేనూ చూస్తున్న. గంత పెద్ద షెడ్డు, గంత పెద్ద బోర్డు."

"రోడ్డు మీదికెల్లి చూసిన్రు. గేటు దాటి పోయిన్రా?"

"నేనెందుకు పోవాలె? కొనుమని రిపోర్టు రాసిన అనలిస్టు పోయి ఉంటడు గద. అంత చదువుకున్నోడు చూడకుండ రాస్తడా?"

"రాస్తరు సార్."

చెబుతూనే అతను రెండుసార్లు వెనక్కి చూశాడు. రోడ్డు అవతల తెల్లకారు ఒకటి ఆగి ఉంది. ఇంజను ఆపలేదు.

లోపలినుంచి భార్య కృష్ణవేణి వచ్చింది. "ఏమండీ, జర ఆయన చెప్పేది వినరాదు. బండి మీద పోయి చూసొస్తే ఏం పోతది?"

"నువ్వు ఊకో."

నిజానికి పరమేశ్వర్‌కు భయమేసింది. భయాన్ని కోపంగా మార్చుకోవడం మాత్రం ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

"బోణీ కాకముందు అపశకునం మాట్లాడుతున్నవ్. నిన్నెవడో గిట్టనోడు పంపిండు. దిగు ముందు."

అతను దిగాడు. "మీది ఏడో దుకాణం సార్. ఒక్కరన్న ఆగుతరేమో అనుకున్న," అని బస్టాండు వైపు నడిచాడు.

వెంటనే కారులోంచి ఇద్దరు దిగి దుకాణానికి వచ్చారు.

"అన్నా, ఇప్పుడు పోయినాయన ఎటు పోయిండు?"

"బస్టాండు దిక్కు," అని చెయ్యి చూపించాడు పరమేశ్వర్. "మీవోడేనా? జర తోల్కపోన్రి, జనాన్ని ఖరాబు చేస్తున్నడు."

"అందుకే వచ్చినమన్నా," అన్నాడొకడు. ఊరికే పోవడం బాగుండదనుకున్నాడేమో, బెండ విత్తనాల ప్యాకెట్ ఒకటి కొన్నాడు.

బోణీ అయింది. పరమేశ్వర్ ఆ నోటు కళ్లకద్దుకుని ఐదు ఫోన్లలో ఓకే నొక్కాడు.

రెండు రోజులకే ఐదు పేర్లకూ షేర్లు వచ్చాయి. ఐదుకు ఐదూ. పరమేశ్వర్ బజారంతా మిఠాయి పంచాడు. అడిగినవాళ్లందరికీ దొరికే సరుకు ఎట్లాంటిదో బజార్లో పుట్టి పెరిగినవాడికి తెలియంది కాదు. కానీ ఆశ కళ్లు మూసేసింది.

అమ్ముదామంటే కొనేవాడు లేడు. రోజూ ధర పడింది. నెల తిరిగేసరికి కంపెనీ ఆఫీసుకు తాళం పడింది. వానలు వచ్చాయి, దుకాణంలో విత్తనం లేదు. ముడిమ్యాల రైతులు మెట్ల దాకా వచ్చి, ఖాళీ అరలు చూసి పక్క దుకాణానికి పోయారు.

పరమేశ్వర్ హైదరాబాద్ పోయి పోలీసులకు కంప్లయింటు రాసిచ్చాడు.

ఆఫీసరు చదివి, పాత ఫైలొకటి తీసి అందులోని ఫోటో చూపించాడు.

"ఈ కంపెనీ మీద మొదటి కంప్లయింటు షేర్లు అమ్మకానికి రాకముందే వచ్చింది. అప్పుడు మేమూ నమ్మలే. ఇచ్చినాయన ఈయన. ఎక్కడన్న చూసినవా?"

చూడగానే పరమేశ్వర్ గుర్తుపట్టాడు. ఆ రోజు బోణీ కాకముందు వచ్చినవాడే.

"ఆఖరిసారి చేవెళ్ల బజార్ల కనబడ్డడట. బస్సయితే ఎక్కలే. ఇప్పటిదాక ఇల్లు చేరలే."

బస్టాండు దిక్కు చూపించిన చెయ్యి పరమేశ్వర్‌కు తనది కానట్టే అనిపించింది.

"ఎవరు సార్ ఈయన?"

ఆఫీసరు కాగితం ఇటు తిప్పాడు. కంప్లయింటు ఇచ్చినవారి పేరు ఉదయ్‌భాస్కర్ అని ఉంది. ఎవరి మీద అన్నచోట కూడా మొదటి పేరు అదే, ఆ షేర్లు కొనమని రిపోర్టు రాసిన అనలిస్టుగా.