గుమ్మంలో పోసిన మన్ను

పండూ,

సెలవులకు పూరీ వెళ్లడానికి కారు అద్దెకు తీసుకుంటానంటే, "డ్రైవర్నీ పెట్టుకోరా, నీకింకా చెయ్యి తిరగనేదు" అన్నాను. అసిరయ్యను పెట్టానని నా తలమీద ఒట్టేశావు.

కారు బోల్తాపడి నీ చెల్లి పోయింది. నేను అసిరయ్య ఉండే బర్మామైన్స్ బస్తీకి వెళ్లి, వాడి గుమ్మంలో మన్ను పోసి, "కారు తోలినోడికి నోట ముద్ద దిగకూడదు" అని శపించాను.

నిన్న అసిరయ్య వచ్చాడు. "ఊరు దాటగానే బాబు నన్ను దింపీసి, తనే తోలుకెల్లిపోనాడమ్మా. నీకు సెప్పొద్దని కాళ్లట్టుకున్నాడు. ఇంకీ నింద నాను మొయ్యనేను" అన్నాడు.

నన్నింత మోసం చేస్తావా, నాయనా?

అన్నం సయించడం లేదని నువ్వు రాస్తే, చెల్లి మీద బెంగనుకున్నాను. ఆ శాపం పోవాలని ఇవాళ ఆ గుమ్మం కడిగి ముగ్గేసి వచ్చాను. వేళకు కడుపునిండా తిను.