ముద్ర లేని కాగితం

ఇనుప పనివాళ్ల యూనియన్ బస్సు హార్‌విక్ హైస్కూలు ముందు ఆగేటప్పటికి పొద్దున్న ఆరున్నర.

అప్పటికే తలుపు దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. గోధుమరంగు కోటు, మంచులో తడిసిన బూట్లు, చేతిలో నాలుగు కాగితాలు.

వాండా ప్రోకాప్‌కు ఒళ్లు మండింది. మాట్లాడేవాళ్ల జాబితాలో మొదటి నలభై పేర్లూ యూనియన్లవే ఉండాలని పది రోజులుగా ఫోన్లు చేసి చేసి గొంతు పోగొట్టుకుంది మరి. వెల్డర్లు, వడ్రంగులు, హోటలు వంటవాళ్లు, గదులు సర్దే ఆడవాళ్లు, అందరినీ పోగుచేసి తెచ్చింది.

రాష్ట్రంలో కాసినో రిసార్టులకు అనుమతి ఇచ్చే బిల్లు మీద శాసనసభ కమిటీ ఇవాళ ఇక్కడే జనం మాట వింటుంది, ఇక్కడే ఓటు వేస్తుంది. బిల్లు నెగ్గితే మూతబడ్డ కాగితం మిల్లు స్థలంలో రిసార్టు కడతారు. ఓడితే సోమవారం వాండా మొగుడు టెడ్డీ నార్త్ డకోటా చమురు బావులకు వెళ్లిపోతాడు. యాభై ఆరేళ్ల మనిషి, మోకాళ్లు అరిగిపోయాయి. పద్నాలుగు నెలలుగా పని లేక ఖాళీగా కూర్చున్నాడు.

కమిటీలో ఏడుగురు. ముగ్గురు అటు, ముగ్గురు ఇటు. మిగిలింది సెనేటర్ లైమన్. ఆమె ఇంతకు ముందు రెండుసార్లూ కాసినో వద్దనే ఓటు వేసింది. ఇవాళ ఆమె చెవిన యూనియన్ మాట తప్ప ఇంకో మాట పడకూడదని వాండా పట్టుదల.

"మీరు ఎవరి తరఫునండీ?" అని ముసలాయన్ని అడిగింది.

"మీ తరఫునే అనుకోండమ్మా."

పక్కనున్న టెడ్డీ ఫక్కున నవ్వాడు. కిందటి నెల ఇలాగే ఒకడు అరువు తెచ్చుకున్న యూనియన్ చొక్కా తొడుక్కుని మీవాణ్ణే అంటూ వచ్చాడు. మైకు దొరకగానే జూదం పాపమని ఏకరువు పెట్టి పోయాడు. ఆ మంట ఇంకా ఎవరికీ చల్లారలేదు.

"ఏదీ, మీ కాగితం ఒకసారి చూడనివ్వండి."

ఆయన వెంటనే ఇచ్చేశాడు. వాండా అందులో ఒక్క అక్షరం చదవలేదు. కింది మూల చూసింది. యూనియన్ ప్రెస్సులో అచ్చయిన ప్రతి కాగితానికీ ఆ మూల చీమంత ముద్ర ఉంటుంది. అది లేని కరపత్రాన్ని వాండా తండ్రి గడప దాటనిచ్చేవాడు కాదు.

"ముద్ర లేదే."

"ముద్రేంటమ్మా? ఇంట్లో నేనే టైపు చేసుకున్నాను."

"మావాళ్లెవరూ ఇలాంటిది పట్టుకురారు పెద్దాయనా. మా దగ్గర మీ పప్పులుడకవు."

ఒక్కసారి చదివి చూడమన్నాడాయన. వాండా కాగితాలు మడిచి ఆయన చేతిలోనే పెట్టింది. తర్వాత ఎంతో మర్యాదగా, పేర్లు రాసుకునేది ఇక్కడ కాదనీ, కొండ మీది పాత టౌన్ హాల్లో అనీ చెప్పింది. పచ్చి అబద్ధం. ఆయన ఆమెకు థాంక్స్ చెప్పి, రెయిలింగు పట్టుకుంటూ మెల్లగా కొండెక్కాడు.

"మంచులో ముసలాణ్ణి తిప్పుతున్నావే, పాపం కాదూ?" అన్నాడు టెడ్డీ.

"సోమవారం నువ్వు వెళ్లాలా, వద్దా?"

టెడ్డీ బస్సులోంచి ప్లకార్డులు దించడానికి వెళ్లాడు.

ఆయన తిరిగి వచ్చేసరికి తొమ్మిది దాటింది. జాబితా నిండింది, హాలూ నిండింది. అగ్నిప్రమాదాల రూలు ప్రకారం ఇంకొక్కరిని కూడా వదిలేది లేదని పోలీసు తలుపు మూశాడు.

తలుపుకున్న గాజులోంచి ముసలాయన వాండాను చూశాడు. కాగితాలు పైకెత్తి వేదిక వైపు చూపించాడు. ఒక్క నిమిషం చాలన్నట్టు వేలు చూపించాడు.

పోలీసు జాలిపడి వదిలేస్తే పనంతా పాడవుతుంది. వాండా ఇద్దరు భారీ మనుషుల్ని పిలిచి ఆ గాజుకు వీపు ఆనించి నిలబెట్టింది.

ఒకరి తర్వాత ఒకరు మైకు ముందుకు వచ్చారు. గదులు సర్దే ఆవిడ చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. టెడ్డీ రెండు ముక్కలే చెప్పి తడబడి దిగిపోయాడు. సెనేటర్ లైమన్ వింటూనే మాటిమాటికీ తలుపు వైపు చూస్తోంది. ఆ చూపు అటు పోయినప్పుడల్లా వాండా గాజుకు ఆనుకున్న మనుషులు కదల్లేదు కదా అని చూసుకుంది.

పన్నెండవుతుండగా బయటికి తొంగి చూసింది. ఆయన లేడు. వాళ్ల ఊరి బస్సుకు టైమైందని వెళ్లిపోయాడని పోలీసు చెప్పాడు. పీడ విరగడైందనుకుంది వాండా.

ఓటింగు మొదలైంది. మూడు అవును, మూడు కాదు. లైమన్ ఇంకోసారి తలుపు వైపు చూసింది.

"కాదు" అంది చివరికి.

టెడ్డీ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. ఆ మొహం చూడలేక వాండా పరుగున వెళ్లి లైమన్ దారికి అడ్డం నిలబడింది.

"నలభై మంది మొత్తుకున్నారు. మీకు వినపడలేదా?"

"వినపడిందమ్మా. అవునని ఓటు వెయ్యాలనే ఉంది నాకూ" అంది లైమన్. ఆవిడ కళ్లూ చెమర్చాయి. "ఇరవై ఏళ్ల కిందట కాసినోను రానివ్వనని మా పాస్టరు గారు నా చేత బైబిలు మీద ఒట్టు వేయించారు. ఈ ఏడాది పని లేక తాగి చచ్చిపోయిన పదకొండో మనిషిని పాతిపెట్టి వచ్చి, మొన్న ఆయనే ఫోన్ చేశారు. అందరి ముందూ నిలబడి ఆ ఒట్టు తీసి గట్టున పెడతానన్నారు. మొట్టమొదట తనే మాట్లాడాలని తెల్లారకముందే బస్సెక్కారట."

వాండా తల తిప్పి తలుపు గాజు వైపు చూసింది.

"మీరే కదమ్మా అందరికంటే ముందొచ్చింది, తలుపు దగ్గర ఒక పెద్దాయన ఎవరైనా కనిపించారా?"