ప్యానెళ్ళ కింద తెల్లరాళ్ళు

పడవ దిగినవాడి దగ్గర బట్టల సంచి లేదు, చేపల బుట్ట లేదు. తెల్లరాళ్ళ మూటలు మాత్రం ఉన్నాయి.

రేవులో జనం వెనక్కి జరిగారు.

అది నల్లరాతి దీవి. తెల్లటి పగడపు రాయి పక్క దీవి నుంచి రావాల్సిందే. వస్తే సమాధి మీద పరచడానికే వస్తుంది.

"ఎవరు పోయారు?" అంది లూపె.

"ఎవరూ పోకూడదనే తెచ్చాను పెద్దమ్మా."

లూపెకు ఒళ్ళు మండింది. ఆమె మనవరాలు, ఇంకా పాకడం కూడా రాని తాలి, ఊపిరి అందక ఆసుపత్రిలో ఉంది. ఇదేం అపశకునపు మనిషి!

తాలి ప్రాణం ఆక్సిజన్ మిషన్ మీద నిలిచింది. మిషన్‌కి కరెంటు పెరట్లోని సోలార్ ప్యానెళ్ళది. రోజూ కోడి కూసే వేళకు బ్యాటరీ అయిపోయేది. అక్కడి నుంచి తెల్లవారేదాకా లూపె ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పిల్లకు విసురుతూ కూర్చునేది.

వచ్చినవాడి పేరు సెమిసి. నేరుగా ఆసుపత్రి పెరట్లోకి వెళ్ళి, ప్యానెళ్ళ కింద ఆ రాళ్ళు పరిచాడు. అంచులు సరిచేశాడు.

"అచ్చం సమాధిలాగే ఉంది," అంది నర్సు సియు.

"ఈ ప్యానెళ్ళు వెనకవైపు నుంచి కూడా వెలుగు తీసుకుంటాయమ్మా. నల్లరాయి వెలుగంతా మింగేస్తుంది. తెల్లరాయి అయితే తిప్పి పైకి కొడుతుంది."

"నా మొగుడు కూడా కావా వేరు రసం తాగి మత్తులో ఇలాంటి కబుర్లే చెప్పేవాడు," అంది లూపె.

మర్నాడు కోడి కూసింది. మిషన్ ఆగలేదు. తెల్లవారింది. అప్పుడూ ఆగలేదు.

"నిన్న గుళ్ళో ప్రార్థన గట్టిగా చేశాను," అంది లూపె.

సెమిసి కిటికీలోంచి తాలి వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు ఎవరికీ నచ్చలేదు. సమాధి సిద్ధం చేసుకుని పిల్ల ఎప్పుడు పోతుందా అని కాచుక్కూచున్నాడు అన్నారు.

ఖాళీ మూట దులిపితే లూపెకు ఒక ప్లాస్టిక్ పూరేకు దొరికింది. ఎండకు రంగు వెలిసిపోయింది. అలాంటి పూలు పెట్టేది ఒక్క సమాధుల మీదే.

"ఎవరి సమాధి దోచుకొచ్చావురా?"

సెమిసి ఆమె చేతిలోంచి పూరేకు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"చూశారా! దొరికిన దొంగకు మాటలెక్కడివి?"

ఊళ్ళో మగవాళ్ళు రాళ్ళన్నీ మళ్ళీ మూటలు కట్టి, సముద్రం మీది కొండ అంచు దాకా మోశారు.

"నన్ను తరిమేయండి పెద్దమ్మా. రాళ్ళు మాత్రం ఉంచండి," అని బతిమాలాడు సెమిసి.

మూటలు లోతు నీళ్ళలో పడ్డాయి. అప్పుడు ఏడ్చాడు వాడు. దొంగ ఏడుపు అనుకున్నారు. పక్క దీవికి పడవ నడిపే ఫెలెటి వెంట పంపేశారు.

మర్నాడు కోడి కూతకే మిషన్ ఆగిపోయింది. తాలి పెదాలు నీలంగా మారాయి. సియు ఒళ్ళో వేసుకుని రుద్దీ రుద్దీ, పొద్దు పొడిచేదాకా ఎలాగో నిలబెట్టింది.

"అత్తా, ఒక మాట. రాళ్ళున్నన్నాళ్ళూ ఆగలేదు."

"నోర్మూసుకో," అంది లూపె.

కానీ బుట్ట పట్టుకుని ఒక్కతే సమాధుల దిబ్బకు వెళ్ళింది. మొగుడి సమాధి ముందు కూలబడింది.

"తిట్టుకుంటే తిట్టుకో. నీ మనవరాలే కదా."

ఆ సమాధి మీది తెల్లరాళ్ళు తనే మోసింది, ప్యానెళ్ళ కింద తనే పరిచింది. అంచులు కూడా సరిచేసింది. మర్నాడు కోడి తన మానాన తాను కూసుకుంది. తాలి హాయిగా ఊపిరి తీస్తూ నిద్రపోయింది.

ఫెలెటి పడవ మళ్ళీ వచ్చేసరికి లూపె రేవులోనే కాచుకుని ఉంది.

"ఆ దొంగకు చెప్పు ఫెలెటీ. వాడి మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ నేను వాడిలా పరాయి సమాధి ముట్టుకోలేదు. నా మొగుడిదే తీశాను, అడిగి మరీ తీశాను."

ఫెలెటి తాడు కట్టడం ఆపాడు.

"నీ మనవరాలి సంగతి వాడికి నేనే చెప్పాను పెద్దమ్మా. ఎందుకంత ఆత్రంగా విన్నాడో మొన్న వాడి వెంట నడిచాక గానీ తెలియలేదు."

"ఏం చూశావు?"

"బారెడైనా లేని సమాధి. ఒక్క రాయి లేదు, ఉత్త మన్ను. దాని మీద ఆ పూరేకు పెట్టి కూర్చున్నాడు."

"ఎవరిదది?"

"వాడి కూతురిది. వాళ్ళ ఆసుపత్రి మిషన్ కూడా కోడి కూతకే ఆగిపోయేదట."